పిలిస్తే పలకని కాక

ఈ దీపావళికి మా పాత పేట తుకుంలో బేకరీ భట్టీ దగ్గర నా వంతు కోసం నిలబడి ఉన్నాను. మా చంద్రపూర్‌లో పండుగ ముందు అదొక జాతర. మైదా, చక్కెర, డాల్డా డబ్బాల్లో పోసుకుని ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు బేకరీకి బయల్దేరతారు. పిండి అక్కడే కలిపించి, నాన్‌ఖటాయి బిస్కెట్లు కాల్పించి, వేడి తగ్గకముందే ఇంటికి మోసుకుపోతారు. మేము తుకుం వదిలి బల్లార్‌పూర్‌కు మారినా ఈ భట్టీలో కాలితే తప్ప నాకు అది నాన్‌ఖటాయి అనిపించదు. అందుకే పనిగట్టుకుని వచ్చాను.

ట్రేలు సర్దుతూ భట్టీ అతను, ఉల్లిగడ్డల ధర చెప్పినంత మామూలుగా అన్నాడు.

"అక్కా, మీరు కిరాయికున్న ఇంటి కాక పోయిండట గదా. నాగ్‌పూర్ల, బిడ్డ కాడ. ఎండకాలంలనే."

ఎండాకాలంలో పోయిన మనిషి సంగతి దీపావళికి తెలియడమేమిటి? ఎవరి మీద కోప్పడాలో తెలియక అతని మీదే కోప్పడ్డాను.

"గిప్పుడా చెప్పేది?"

"నాకు సుత మొన్ననే ఎర్కైంది అక్కా. నిద్రలనే పోయిండట."

అతను నా ట్రే లోపలికి తోశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మరోపక్క మనసులోకి ఒక పాడు ఆలోచన వచ్చింది. ఎవరు పిలిచినా పలకని మనిషికి ఆ పైవాడి పిలుపు ఎట్లా వినపడింది?

కాకకు చెవులు వినపడవు. కొంచెం కాదు, ఒక్క ముక్క కూడా వినపడదు. ఆ సంగతి తెలియకుండా నేను నా ఒక్కగానొక్క బిడ్డను, మూడేళ్ళు నిండని చిన్నిని, ఆదివారం వచ్చిందంటే ఆయన దగ్గర వదిలి నా పనులు చూసుకునేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆయన కింద, మేము పైన. పొద్దంతా వరండా గేటుకు వీపు ఆనించి కూర్చునేవాడు. గేటు తట్టాలంటే ఆయన వీపు మీద తట్టినట్టే. ముసలాయన కాపలా కాస్తున్నాడనుకునేవాళ్ళం. బొగ్గుబాయిలో, గని లోపలి పని చేసి రిటైరైనవాడు. పొడుగ్గా, ఎముకలగూడులా ఉండేవాడు. అరచేతులు మాత్రం చాటలంత. ఏది కనపడినా ముందు దాని మీద చెయ్యి పెట్టేవాడు. గోడ మీద, బిందె మీద, మా మోటార్‌సైకిల్ ట్యాంకు మీద, చిన్ని వీపు మీద. "చెయ్యి పెడ్తె తెలుస్తది" అనేవాడు. ఏం తెలుస్తుందో చెప్పేవాడు కాదు.

ఇక ఎవరేమన్నా ఒకటే జవాబు. "గట్లనే బిడ్డా."

"అన్నం తిన్నవా కాకా?" "గట్లనే బిడ్డా." "నీళ్ళు వచ్చినయా?" "గట్లనే." ఒకసారి మే నెలలో, చంద్రపూర్ పెనం మీద పెట్టినట్టు కాలుతుంటే, మా ఆయన కావాలనే అడిగాడు. "ఏం కాకా, ఈసారి చలి జర ఎక్కువుంది గదా?" కాక చిరునవ్వుతో, ఎంతో నమ్మకంగా, "గట్లనే బేటా" అన్నాడు. మా ఆయన మెట్లెక్కి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముసలోడు మస్తు చమత్కారి. నా మీదనే జోకేసిండు" అన్నాడు. నేనూ నవ్వాను. చూడండి, ఎంత తెలివిగలవాళ్ళమో మేము.

మా ఆయనది బల్లార్‌పూర్‌లోని బల్లార్షా రైల్వే స్టేషన్‌లో డ్యూటీ. ఆయన సెలవు ఆదివారమే పడాలని ఏ దేవుడూ రాసిపెట్టలేదు. నాకు మాత్రం ఆదివారమంటే పూనకం. వారమంతా ఆఫీసులో ఉండి బిడ్డకు ఏమీ చేయలేకపోయానన్న బెంగ ఆ ఒక్కరోజే తీరాలి. సెల్‌ఫోన్లో చూసి కేకులు, కాగితపు పువ్వులు, అట్టపెట్టె ఇళ్ళు. ఇసుక పోసిన పాత కుక్కర్లో కేకు పెట్టడం, చిన్ని మైదాలో చేతులు ముంచి గోడలకు పూయడం, నేను అరవడం, మళ్ళీ నేనే నవ్వడం. ఇల్లు పీకి పందిరేసే ఆ సంబరంలోకి కాక మెల్లగా మెట్లెక్కి వచ్చేవాడు. గడప దగ్గర కూర్చుని మా కాగితపు పువ్వును వేళ్ళతో తిప్పి చూసి, "రేపటిదాంక ఉంటదా గిది?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

కేకు ఉడికిందో లేదో కుక్కర్ పక్కన చెయ్యి పెట్టి చెప్పేవాడు. "అయ్యింది, తియ్యి" అంటే ఒకసారి నమ్మి తీశాను. లోపలంతా జావ. గరిటెతో తాగాల్సి వచ్చింది. చిన్ని మాత్రం రెండు గిన్నెలు తాగి, తాత కేకు బాగుందంది. అప్పటి నుంచి దానికి తాత చెప్పిందే వేదం.

నిజంగా ఆయనకు చేతనైంది కట్టె పని. ఎద్దులకు పూజ చేసే పోళా పండుగ మర్నాడు మా వైపు చిన్నపిల్లల పోళా. పసిపిల్లలు చక్రాలున్న కట్టె ఎద్దులను తాడుతో గుంజుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంట్లో బొట్టుపెట్టి, తినేదేదో చేతిలో పెడతారు. కాక ఆ ఎద్దుల కోసం ఎండాకాలం నుంచే టేకు ముక్కలు చెక్కుతూ కూర్చునేవాడు. ఒక్క చిన్నికే కాదు, వీధిలో పిల్లలందరికీ. తెలుగింటి పిల్లలు, మరాఠీ ఇళ్ళ పిల్లలు అందరూ ఆ వరండాలోనే. తల్లులందరం "కాక ఉన్నడు గదా" అని బజారుకు పోయేవాళ్ళం.

ఎద్దు ముక్కుకు ఇత్తడి రింగు పెట్టేవాడు. దానికి ఊలుదారం, దారం చివర తీగతో వంచిన చిన్న కొక్కెం. పిల్లలు తగిలించుకోవచ్చు, తీసేయవచ్చు. చిన్ని ఎద్దుకు ఎర్ర దారం. కొమ్ములకు మేమిద్దరం కలిసి పసుపు రంగు వేశాం. సగం రంగు ఎద్దుకు, సగం నా చీరకు.

ఒక ఆదివారం బట్టలు ఆరేసి కిందికి దిగితే, ఆ కొక్కెం ఎద్దు ముక్కుకు లేదు. నా బిడ్డ కాలి పట్టీకి తగిలించి ఉంది. దారం వరండా గుండా బయటికి పోయి కాక చూపుడువేలికి చుట్టి ఉంది. ఆయన తల వంచి ఎద్దుకు చెవులు చెక్కుతున్నాడు. లోపల చిన్ని బొమ్మలు పరుచుకుని కూర్చుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా పోయి నిలబడ్డాను. "ఏంది కాకా గిది? పిల్లనా, లేగదూడనా? గిట్ల కట్టేస్తరా?"

ఆయన నా ముఖం చూసి బెదిరిపోయాడు. "గట్ల... గట్లనే బిడ్డా" అని ఆగిపోయాడు.

చిన్నే పరుగెత్తుకొచ్చి, "కట్టెయ్యలే మమ్మీ, బండి ఆట" అంది. తాత ఒకసారి గుంజితే ఆగాలట. రెండుసార్లు గుంజితే అది కాలు ఊపి జవాబు చెప్పాలట. కాక తేరుకుని, "బాయిల బొగ్గు డబ్బాలను గుంజేటప్పుడు గిట్లనే తీగ గుంజి సిగ్నల్ ఇస్తుంటిమి. పిల్లకు నేర్పిన" అన్నాడు. సాయంత్రం మా ఆయనకు చెబితే, "మన పిల్లను పట్టాలంటె దారం సాలదు, గొలుసు కావాలె. కాక నయం" అన్నాడు. దాంతో నా కోపం సగం చల్లారింది. మిగతా సగం చిన్ని ఏడుపు చల్లార్చింది, దారం లేకపోతే ఆడనని మంకుపట్టు పట్టింది. సరే, మీ ఆట మీరే ఆడుకోండి అని వదిలేశాను. ఆ దారమే ఆయన చెవులని నాకేం తెలుసు?

పోయిన దీపావళికి ముందు ఆదివారం అది. పొద్దున్నే మిఠాయి డబ్బా అట్ట కత్తిరించి చిన్నికి కొమ్ములు చేశాను. అది ఎద్దు అవుతానంది మరి. పోళా పోయి రెండు నెలలైనా దాని తలలోంచి ఎద్దు పోలేదు. కొమ్ములకు బంగారు కాగితం అంటించి, రిబ్బన్‌తో నెత్తికి కట్టాను. కాక కింద కూర్చుని, గుమ్మంలో వేలాడదీసే కాగితపు లాంతరు, ఆకాశ కందీలుకు పుల్లలు కడుతున్నాడు. చిన్నిని అప్పజెప్పి, "భట్టీ కాడికి పోయొస్త కాకా, జర సూడు" అన్నాను. నా చేతిలో డబ్బాలు చూసి, "పోయిరా" అని తలూపాడు.

భట్టీ దగ్గర ఆలస్యమైంది. పెద్ద రేకు డబ్బా నిండా నాన్‌ఖటాయి, రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని వస్తున్నాను. తుకుం పెద్దరోడ్డు మీద పండుగ రద్దీ. కందీళ్ళ దుకాణాలు, ముగ్గుపిండి బండ్లు, ఆటోలు, వాటి మధ్యనుంచి లారీలు. అవతలివైపు, రోడ్డు అంచున, ఎవరో చిన్నపిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. ఒక కాలు కింద, ఒక కాలు తారు మీద. దాని పక్కనుంచే ఆటో దూసుకుపోయింది.

అబ్బ, ఎవరి పిల్లో. కన్నవాళ్ళకు సోయి లేదా, గంగలో దూకారా అని మనసులో బండబూతులు తిట్టుకున్నాను. నడుస్తూనే తిట్టాను. ఆ పిల్ల ఇటు తిరిగింది. నెత్తి మీద బంగారు కొమ్ములు మెరిశాయి.

ఆ క్షణం గురించి నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. కొమ్ములు నేను చేసినవేనని ముందు తెలిసింది. బిడ్డ నాదని ఆ తర్వాత తెలిసింది. అది నన్ను చూసి, నవ్వి, రోడ్డు మీదికి అడుగు వేసింది. నాకు అరుపు రాలేదు. కాళ్ళు మాత్రం ఉరికాయి. డబ్బా ఎప్పుడు జారిందో తెలియదు. బ్రేకుల చప్పుడు, ఎవరిదో తిట్టు, నా చేతుల్లో దాని గౌను. సీతాఫలాలు అమ్మే అవ్వ లేచి వచ్చి, అడ్డంగా చేతులు చాపి ఆటోలను ఆపింది. వెనక్కి చూస్తే నాన్‌ఖటాయి మీదనుంచి లారీ పోతోంది, అంతా పిండిపిండి.

"నాన్‌కటాయి తెస్తవని ఎదురొచ్చిన" అంది నా బిడ్డ. "తాతకు ఎద్దును ఇచ్చొచ్చిన."

తాతకు ఎద్దును ఇవ్వడమేమిటో నాకు అర్థం కాలేదు. తాతకేమైందో, పడిపోయాడేమో అనుకుంటూ దాన్ని చంకనేసుకుని ఇంటికి ఉరికాను. గేటు తీసి ఉంది. కాక ఆ రోజు గేటుకు ఆనుకోలేదు, వరండా మూలకు జరిగి, గేటు వైపు వీపు పెట్టి, తల వంచి కందీలుకు రంగు కాగితం అంటిస్తున్నాడు. ఏమీ కాలేదు, నిక్షేపంగా ఉన్నాడు. నా గొంతు అప్పటికి తెరుచుకుంది.

"కాకా."

పక్కింటి తలుపులు తెరుచుకున్నంత గట్టిగా అరిచాను. ఆయన తిరగలేదు. "కాకా, పిల్ల యాడుంది?" మళ్ళీ అరిచాను. కాగితానికి జిగురు రాశాడు. వీధిలో వాళ్ళందరూ బయటికి వచ్చారు. ఆయన మాత్రం తీరిగ్గా చూపుడువేలు రెండుసార్లు కదిపాడు. ఎర్ర దారం బిగుసుకుంది. లోపల గదిలో, దారం అవతలి చివర, చక్రాల ఎద్దు గచ్చు మీద ముందుకు జరిగి, వెనక్కి దొర్లి, మళ్ళీ ఆగింది. ఆ కదలిక వేలికి తగిలినట్టుంది. జవాబు వచ్చిందని కాక తల ఊపి, తనలో తాను నవ్వుకుని మళ్ళీ కందీలు అందుకున్నాడు.

నేను ఆయన వెనకే నిలబడ్డాను. నా అరుపుకు నా చెవులే గింగురుమన్నాయి, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి నవ్వుకుంటున్నాడు. అప్పుడు తెలిసింది. ఎండలో చలి, గేటుకు ఆనించిన వీపు, దారం అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఇన్ని ఆదివారాలు నేను నా బిడ్డను ఎవరి చేతిలో పెట్టి పోయాను దేవుడా అనుకున్నాను.

చిన్ని నా చంకలోంచి జారి, పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కాక తిరిగాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. చెదిరిన నా జుట్టు, గుమిగూడిన జనం. తర్వాత తన వేలికున్న దారం వెంట కళ్ళు పంపాడు. గడప దాటి, గది దాకా, ఎద్దు ముక్కు దాకా. అక్కడ ఆయన చూపు ఆగిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"యాడ దొర్కింది?" అని అడిగాడు.

నేను రోడ్డు వైపు చెయ్యి చూపించాను. లారీ అని చెప్పాలనుకున్నాను, నోరు కదిలిందే తప్ప మాట వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆయనకు మాత్రం అర్థమైంది. చిన్ని వీపు మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉంచాడు.

తర్వాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి బయటికి పోయాడు. సిగ్గుతో ఎటో పోతున్నాడనుకున్నాను. పోలేదు. పక్కింటి గడప ముందు ఆగాడు.

"నాకు చెవులు వినవడయి" అన్నాడు. "బాయిల ఉన్నప్పుడే పోయినయి. ఇన్ని దినాలు దాచిపెట్టిన. మీ పిల్లలను నాకాడికి పంపకుర్రి."

ఎప్పుడూ నెమ్మదిగా, కొలిచినట్టు మాట్లాడే మనిషి. ఆ రోజు గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆయనకే తెలియలేదు. రెండో ఇల్లు మరాఠీ వాళ్ళది. అక్కడ అదే మాట మరాఠీలో చెప్పాడు. "మలా ఐకూ యేత్ నాహీ. లేకరం పాఠవూ నకా." మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. తలుపు మూసి ఉంటే తట్టి, తీసేదాకా నిలబడి చెప్పాడు. ఒకామె కుర్చీ వేసింది, కూర్చోలేదు. ఎవరో "పోనియ్ కాకా, ఏం గాలె గదా" అంటున్నారు. ఆయన వాళ్ళ నోళ్ళ వైపు కూడా చూడడం లేదు. చెప్పడం, పోవడం, అంతే. పిల్లల కోసం ప్రాణం పెట్టే మనిషి, ప్రతి గడప దగ్గరా తన ఆదివారాలను తానే వదులుకుంటూ పోతుంటే నేను గేటు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఆయనను ఆపాలో, ఆయన కాళ్ళు పట్టుకోవాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు. మూడూ చేయాలనిపించింది.

చివరికి తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నాకూ అదే మాట, ముక్క తేడా లేకుండా చెప్పాడు.

మర్నాటికి నా కోపం దిగింది. అది పసిపిల్ల, కొక్కెం ఎట్లా మార్చాలో ఆయన దగ్గరే నేర్చుకుంది, ఆయన మాత్రం ఏం చేస్తాడు? కిందికి పోయి, ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాను. "కాకా, ఆదివారం నేను సుత మీకాడనే కూసుంట. ముగ్గురం కలిసి చేద్దాం. ఇగ భయం లేదు."

ఆయన నా పెదాలనే చూశాడు. "భయం నీది గాదు బిడ్డా, నాది" అన్నాడు. ఇంకేం చెప్పినా తల అడ్డంగా ఊపాడు.

మేము ఇల్లు మారేదాకా అంతే. వీధిలో పిల్లలు రావడం మానేశారు. తల్లులకు భయం, ఎవరినీ తప్పుపట్టలేం. చిన్నికి మాత్రం ఇవేవీ తెలియవు. ఆదివారం పొద్దున నా పిండి గిన్నె వదిలేసి, నా కళ్ళుగప్పి, మెట్లు దిగి తాత ముందు పోయి కూర్చునేది. ఆయన చేతిలోని పని పక్కన పెట్టి, దాని వేలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించి తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. "పట్టుకో బిడ్డా" అని వెనుదిరిగేవాడు. అది నా చేతులు విడిపించుకోవడానికి గిలగిల కొట్టుకుంటూ తాతా తాతా అని ఏడ్చేది. ఆ ఏడుపుకు వీధి చివరి ఇంటివాళ్ళు కూడా బయటికి వచ్చి చూసేవాళ్ళు. కాక గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, మెట్లు దిగిపోయేవాడు.